శాకమాత్రమునకే సంతుష్టుడు

శ్రియఃపతియైన శ్రీమన్నారాయణుడు ఈ చరాచర ప్రపంచమును సృజించునపుడు దేనిని ఒక్క అచ్చులో పోసి తీయలేదు. ఒకే కొమ్మకు పూచిన రెండు పూవులు ఒక్క తీరున నుండవు. ఒకే తల్లి కన్న బిడ్డలు ఒక్క రూపున నుండరు. కాకరకాయకు ఒడలెల్ల బుడిపెలు. ఆగాకరకు మెత్తని ముండ్లు. కందకు ఏనుగుపాదమువంటి మొరటుతనము. చేమదుంపకు మట్టి యంటిన పీచు. నల్లేరునకు నాలుగు పలకల కాడ. పొట్లకాయకు పామువంటి మెలిక. ఇవి యన్నియు ఆ సర్వేశ్వరుని సంకల్పమున కలిగినవే. ఇందొకటి సుందరమనియు, వేరొకటి వికారమనియు పేరు పెట్టినది మానవుని కన్ను.

ఈ కాలమున కూరగాయలు కొనువారి చూపు ఒక్క కొలతకు, ఒక్క రంగునకు, ఒక్క నిగనిగకు అలవాటుపడినది. పెద్ద పట్టణములలోని అంగళ్ళయందు కాయలన్నియు కవలపిల్లలవలె బారులు దీరియుండును. ఏ ఋతువునందైనను ఏ కాయయైనను దొరకును. అవి ఎచ్చట పండినవో, ఎన్ని దినములు శీతల గిడ్డంగులలో నున్నవో కొనువాడు అడుగడు. తన యూరి చేనిలో ఆ ఉదయముననే కోసిన దోసకాయ కొంచెము వంగియున్నచో దానిని మాత్రము ప్రక్కకు నెట్టివేయును. పెరటిచెట్టు మందునకు రాదను సామెత వైద్యమునకే కాక వంటకును వర్తించుచున్నది.

ఇది రుచికిని, ధరకును సంబంధించిన చిన్న విషయముగ తోచవచ్చును. కాని వైష్ణవ గృహములందు వంట తిరువారాధనమునకు అంగము. మడపల్లిలో వండినది మొదట పెరుమాళ్ళకు తళిగయై, ఆరగింపైన పిదప ప్రసాదమై, అటుపిమ్మట గృహస్థునకు ఆహారమగుచున్నది. కావున గంపలోనుండి దేనిని ఎన్నుకొనవలెను, దేనిని త్రోసివేయవలెను అను ప్రశ్న ఆరాధనకు సంబంధించిన ప్రశ్నయే యగును.

లంకనుండి వచ్చిన గంప

దృష్టాంతమునకై గోదావరీతీరమున ఒక శ్రీవైష్ణవ గృహమును భావింపవచ్చును. ఆ ఇంటికి ప్రతి శనివారము లంకనుండి ఒక వృద్ధురాలు పడవ దిగి కూరగాయలు తెచ్చుట ఏండ్ల తరబడి వచ్చిన వాడుక. ఆ సంవత్సరము శ్రావణమున వరద వచ్చి లంకపొలములు మునిగినవి. నీరు తీసిన పిదప పాదులు కొన్ని కుళ్ళినవి, కొన్ని మరల చిగిర్చినవి. ఆశ్వయుజము నాటికి ఆ చిగిర్చిన తీగలకు కాచిన బీరకాయలు కొడవళ్ళవలె వంగినవి. దోసకాయలు ఒకవైపు ఉబ్బి, మరొకవైపు నొక్కుకొనిపోయినవి. పొట్లకాయలకు రాయి కట్టు ఓపిక లేకపోవుటచే అవి చుట్టలు చుట్టుకొనినవి. ఆమె వానినే గంపకెత్తుకొని వచ్చి అరుగుపై దించినది.

ఇంటి కోడలు గంపముందు కూర్చుండి తిన్నని కాయలు నాలుగేరినది. మిగిలినవానిని ప్రక్కకు నెట్టి, "అవ్వా! రేపు శ్రవణానక్షత్రము. పెరుమాళ్ళకు తళిగ పెట్టవలెను. ఈ వంకరకాయలు స్వామికెట్లు పెట్టుదును? వీనిని పశువులకు వేసికొనుము" అని పలికినది.

వృద్ధురాలు వాదింపలేదు. చుట్టకుదురు తలపై సరిచేసికొనుచు, "నిజమేనమ్మా, స్వామికి మంచివే పెట్టవలె. వరద మింగగా మిగిలినవి ఇవే తల్లీ" అని మాత్రము అన్నది. ఆమె రాబోవు కారునకు విత్తనములు కొనవలసినది ఆ గంప ధరతోనే.

ఆ మాటలు లోపలనున్న అత్తగారి చెవిని బడినవి. ఆమె కోడలిని కోపింపలేదు. స్వామికి శ్రేష్ఠమైనది పెట్టవలెనను తలంపు ఆ పిల్లకు కలుగుట మంచిదేయని ఆమె యెరుగును. కోడలి చేయిపట్టి కోయిలాళ్వారు ముందునకు తీసికొనిపోయి, "అమ్మాయీ! ఈ సాలగ్రామములను చూడుము. ఒకటి గుండ్రము, ఒకటి కోల, ఇది ఒకప్రక్క నొక్కుకొనిపోయినది. గండకీనదిలో దొరలి దొరలి ఏ రూపమున వచ్చినవో ఆ రూపముననే మీ మామగారి తాతగారు శిరస్సుపై పెట్టుకొని తెచ్చిరి. శిల్పి వీనిని చెక్కలేదు, సాన పెట్టలేదు. నున్నగా లేదని ఈ యింట ఎవరైన ఏ మూర్తినైన ప్రక్కకు నెట్టిరా?" అని యడిగిరి.

కోడలు తలవంచుకొని నిలిచినది.

"కుళ్ళినది స్వామికి పెట్టరాదు. పురుగుపట్టినది పెట్టరాదు. వంగినది పెట్టరాదని నీకెవరు చెప్పిరమ్మా?" అని ఆమె మరల అడిగి, గంప మొత్తము లోపలికి తెప్పించిరి. తిన్నని కాయలకు ఏ ధరయో వంకరకాయలకును ఆ ధరయే ఇప్పించిరి.

దోషమేది, వంకర యేది

ఆ పెద్దయిల్లాలు అడిగిన ప్రశ్నకు ఆచార్యుల బోధయందే సమాధానము కలదు. ఆహారశుద్ధివలన అంతఃకరణము శుద్ధి నొందుననియు, దానివలన స్మృతి స్థిరపడుననియు ఛాందోగ్యోపనిషత్తు 7వ అధ్యాయము బోధించుచున్నది. భగవద్రామానుజులవారు శ్రీభాష్యమునందు ఉపాసకునకు వలసిన 7 సాధనములను వాక్యకారుల మార్గమున పేర్కొనిరి. అవి వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. ఇందు మొట్టమొదటిదైన వివేకమునకు ఆయన చెప్పిన అర్థము ఆహారవిషయమైనదే. మూడు విధములగు దోషములు లేని యన్నముచే దేహమును శుద్ధముగ నుంచుకొనుటయే వివేకమని దాని సారము.

ఆ మూడు దోషములలో మొదటిది జాతిదోషము. అనగా పదార్థము స్వభావముచేతనే నిషిద్ధమై యుండుట. వైష్ణవులు ఉల్లి, వెల్లుల్లి మున్నగువానిని విడుచుట ఈ కారణముననే. రెండవది ఆశ్రయదోషము. అనగా పదార్థము ఎవరిదో వారి నడవడివలన దానికంటిన దోషము. మూడవది నిమిత్తదోషము. వెంట్రుకలు, పురుగులు పడుటవలనను, ఎంగిలి తగులుటవలనను కలుగునది ఇది. ఈ మూడింటిలో ఎచ్చటను ఆకారమునకు తావులేదు. కాయ నిడివి, వంపు, బుడిపె, మచ్చ అనునవి ఆచార్యుల దృష్టిలో దోషముల పట్టికకే ఎక్కలేదు.

కాయ వంకరపోవుటకు గల కారణమును విచారించినను ఈ విషయము స్పష్టపడును. తేనెటీగలు చాలక పూవునకు పుప్పొడి సమముగ అందనిచో దోసకాయలో ఒకవైపు గింజ కట్టదు. గింజ కట్టని వైపు కండ పెరుగక కాయ అటువైపునకు వంగును. నేలలో రాయి అడ్డుపడినచో ముల్లంగి రెండుకాళ్ళుగ చీలును. నీరు ఒకనాడు ఎక్కువై, ఒకనాడు తక్కువైనను కాయ రూపము చెడును. పొట్లకాయ లేతగా నున్నప్పుడు కొసను చిన్నరాయి కట్టినచో తిన్నగ సాగును, కట్టనిచో మెలికలు తిరుగును. ఈ రెండు కాయల రుచియందు భేదము లేదు. వంకరయనునది ఆ కాయ పడిన కష్టమునకు గుర్తు మాత్రమే.

నిజమైన దోషమును గుర్తించుట గృహిణికి అవసరమే. చేదెక్కిన సొరకాయ, చేదెక్కిన బీరకాయ చూచుటకు ఎంత నవనవలాడుచున్నను తినదగినవి కావు. వంటకు ముందు చిన్నముక్క నాలుకపై నుంచి, చేదుగనున్నచో వెంటనే ఉమిసి, కాయను పారవేయుట పెద్దలు నేర్పిన పద్ధతి. (స్వామికి నివేదింపవలసిన కాయను రుచిచూడరాదను నియమముగల ఇండ్లలో ఆ కోసిన చెక్కను విడిగా నుంచి, ఆ కాయను ఇంటివారి వంటకే వాడుదురు.) ఆకుపచ్చగ మారిన బంగాళాదుంప, బూజుపట్టిన దుంప, లోన పురుగుతొలిచిన వంకాయ, ఇవి విడువదగినవి. మేడిపండు పైకెంత మెరిసినను లోన నేమున్నదో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. పైమెరుగును నమ్మి లోని పురుగును మరచుటయు, పైవంకరను జూచి లోని మేలును మరచుటయు ఒకే అవివేకమునకు రెండు ముఖములు.

ఆశ్రయదోషమును గూర్చి ఇంకొక విచారణ చేయదగియున్నది. కాయ వంకరగనున్నదను నెపమున పేదరాలికి సగము ధర ఇచ్చి, అదే కాయను తరిగి స్వామికి నివేదించినచో, ఆ నివేదనమునకు ఆమె కంటితడి యంటదా? కాయలో దోషము లేదు. కొన్నవాని చేతిలో దోషము చేరినది. తళిగ పెట్టువారు పాత్రలు తోముటయందెంత జాగ్రత్త వహింతురో ధర చెల్లించుటయందును అంత జాగ్రత్త వహింపవలెను.

వంకరను ఆదరించిన వాసుదేవుడు

స్వామి లీలలను స్మరించినచో ఈ భావమునకు బలము చేకూరును. శ్రీమద్భాగవత దశమస్కంధమున మధురానగర వీథిలో ఒక స్త్రీ చందనపాత్ర చేబట్టి పోవుచుండెను. మూడుచోట్ల వంగిన దేహమగుటచే ఆమెను త్రివక్రయని పిలిచిరి. నగరమందరును ఆమె వంకరను జూచిరి. శ్రీకృష్ణుడు ఆమె చేతి చందనమును, ఆమె మనసును జూచెను. ఆయన ఆ చందనమును ప్రీతితో అలదుకొనిన పిదపనే ఆమె దేహమును చక్కజేసెను. ముందు చక్కబడిరమ్మని, పిదప సేవ చేయుమని స్వామి అనలేదు.

అదే స్కంధమున ఫలములమ్ము స్త్రీ వృత్తాంతము కలదు. బాలకృష్ణుడు చిట్టిదోసిళ్ళతో ధాన్యము పట్టుకొని పరుగెత్తివచ్చునప్పటికి గింజలు చాలవరకు దారిలో జారిపోయినవి. ఆమె దోసిటిలో మిగిలిన గింజలను లెక్కింపక ఆ చేతుల నిండ పండ్లు పోసినది. ఆమె గంప రత్నములతో నిండినది. కూరగాయలమ్ము తల్లి ఇంటి గుమ్మమున గంప దించినప్పుడెల్ల ఈ కథ స్మరింపదగినది. ఇచ్చట స్వామి కొనువాడై వచ్చెను, గంప గల ఆమె ఉదారురాలాయెను. కొనువారికిని అంతటి ఔదార్యము తగును.

పాండవులు కామ్యకవనమున నున్నప్పుడు దుర్వాసమహర్షి పదివేలమంది శిష్యులతో భోజనకాలము మించిన పిదప వచ్చెను. ద్రౌపది భుజించినది, సూర్యదత్తమైన పాత్ర ఆనాటికి కడుగబడినది. ఆమె మొరవిని వచ్చిన శ్రీకృష్ణుడు ఆ పాత్రనే తెమ్మనెను. దాని అంచున అంటుకొని మిగిలిన శాకాన్నలేశమును నోటవేసికొని విశ్వాత్ముడు తృప్తినొందుగాక యని తలంచెను. నదిలో స్నానమాడుచున్న మునులందరికి కడుపులు నిండినవి. పాత్ర అంచున మిగిలిన ఆ కూర ఏ రూపమున నుండెనో, ఏ ఆకుదో ఎవరును అడుగలేదు. విదురుని ఇంట స్వామి ఆరగించిన విధమును భక్తలోకము నేటికిని తలంచుకొనుట కూడ ఈ కారణముననే. దుర్యోధనుని విందులో లోపించినది పదార్థము కాదు, ప్రీతి. పత్రమో, పుష్పమో, ఫలమో, జలమో భక్తితో నిచ్చినచో స్వీకరింతునని గీత 9వ అధ్యాయమున స్వామియే వాగ్దానము చేసియున్నాడు. ఆ వాగ్దానమున భక్తికి షరతు కలదు. ఆకునకు, కాయకు కొలత చెప్పబడలేదు.

క్షేత్రములు నేర్పు పాఠము

తిరుమల దివ్యక్షేత్రమున ఒక సంప్రదాయము కలదు. ఆనందనిలయములో వివిధములగు అన్నప్రసాదములు స్వామివారికి నివేదింపబడినను, కులశేఖరపడిని దాటి మూలమూర్తి సన్నిధికి పోవునది మట్టిఓటిలోని దద్ధోజనము. ఓడనగా పగిలిన కుండ పెంకు. బంగారుపాత్రలకు కొదువలేని స్వామి పగిలిన కుండలోని పెరుగన్నమును దగ్గరకు తీసికొనుచున్నాడు. కుమ్మరి భీముడు పనిచేయుచునే మట్టిపూవులు చేసి కొయ్యమూర్తికి సమర్పింపగా, తొండమాన్ చక్రవర్తి అర్పించిన బంగారుపూవులను మించి ఆ మట్టిపూవులే స్వామి పాదములచెంత చేరినవను కథ వేంకటాచల మాహాత్మ్యమున ప్రసిద్ధము. లోకము పగిలినది, మొరటుది అని చూచినదానిని స్వామి తనదిగ చేసికొనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

పూరీక్షేత్రమున శ్రీజగన్నాథస్వామి దారుమూర్తి. విశాలమైన గుండ్రని కన్నులు, సగము చెక్కినట్లుండు కరములు, పాదములు కానరావు. ఇంద్రద్యుమ్న మహారాజు గడువునకు ముందే తలుపు తెరచుటచే మూర్తి ఆ రూపముననే నిలిచెనని ఐతిహ్యము. శిల్పశాస్త్రపు కొలతలతో చూచువానికి అసంపూర్ణముగ తోచు ఆ రూపము ముందు లక్షలాది భక్తులు కన్నీరు నించుచున్నారు. ఆ స్వామి మహాప్రసాదమునందు బంగాళాదుంప, టమాటా, కాబేజీ, కాలిఫ్లవరు చేరవు. కంద, చేమ, అరటికాయ మొదలగు పాతకాలపు శాకములే కట్టెలపొయ్యిపై ఒకదానిపై నొకటి పేర్చిన మట్టికుండలలో ఉడికి ఆనందబజారునకు వచ్చును.

ఉడుపిక్షేత్రమునకు సమీపమున మట్టు అను గ్రామము కలదు. అచ్చట పండు వంకాయను మట్టుగుళ్ళ యందురు. లేతాకుపచ్చని గుండ్రని కాయ, తొడిమకు ముండ్లు. సోదే మఠమునకు చెందిన శ్రీవాదిరాజతీర్థులవారు ఆ గ్రామస్థులకు ఈ విత్తనములను అనుగ్రహించిరని సంప్రదాయము. రెండేండ్లకొకసారి జరుగు పర్యాయోత్సవమున ఈ వంకాయలు శ్రీకృష్ణమఠమునకు కానుకగ వచ్చును. 2011లో దీనికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ విత్తనము ఇన్ని తరములు నిలుచుటకు కారణము స్వామికి అది కావలెనను ఊరివారి నమ్మకము. దేవునికి పెట్టుట మానిన కాయను రైతు నాటుట మానును. నాటుట మానిన విత్తనము మరల రాదు.

దేశీయశాకముల యందలి ఈ ఆదరము పరదేశపు మొక్కలపై ద్వేషమని తలంపరాదు. నేడు ఆంధ్రుల వంటకు ప్రాణమైన మిరపయే సముద్రములు దాటి ఐరోపావారి వెంట వచ్చినది. అంతకుముందు కారమునకు మిరియమే ఆధారము. ఆ మిరపయు ఇచ్చటి నేలలో వేరూని, ఇచ్చటి రైతుచేత పెరిగి, ఈ ఇంటి బిడ్డయైనది. నేలతోను, కాలముతోను కలిసి పెరిగినది ఏదైనను ఆదరణీయమే.

ఋతువు వడ్డించిన విస్తరి

కాలము భగవత్స్వరూపము. ఏ కాలమున ఏది పండవలెనో నిర్ణయించినవాడు ఆయనయే. తొలకరి తరువాత ఆగాకర, బీర, పొట్ల. హేమంతమున చిక్కుడు, తేగలు. సంక్రాంతికి గుమ్మడి, పెండలము, చిలగడదుంప. వేసవికి దోస, మామిడి. ఇట్లు ప్రకృతి తానే విస్తరి మార్చి మార్చి వడ్డించుచున్నది. వైష్ణవుల వ్రతములును దీనితో కలిసి నడచును. ఆషాఢ శుద్ధమున స్వామి యోగనిద్రకు చేరినది మొదలు కార్తికమున మేల్కొనువరకు గల చాతుర్మాస్యమున మొదటినెల శాకమును, రెండవనెల పెరుగును, మూడవనెల పాలను, నాలుగవనెల పప్పుదినుసులను విడిచెడి నియమమును మధ్వసంప్రదాయజ్ఞులు నేటికిని పాటించుచున్నారు. నెలదినములు కూర ముట్టనివానికి ఆ నియమము ముగిసిననాటి పొట్లకాయ రుచి తెలియును. ఏడాది పొడుగున అన్నియు తినువానికి ఏదియు రుచింపదు.

మాఘశుద్ధ సప్తమినాడు తిరుమలలో శ్రీమలయప్పస్వామివారు ఉదయమున సూర్యప్రభవాహనముతో ఆరంభించి రాత్రి చంద్రప్రభవాహనమువరకు 7 వాహనములపై దర్శనమిత్తురు. అదేనాడు తెలుగువారి ముంగిళ్ళలో గృహిణులు చిక్కుడుకాయలను పుల్లలకు గ్రుచ్చి సూర్యనారాయణమూర్తికి చిన్న రథము కట్టుదురు. పరమాన్నమును చిక్కుడాకులలో నివేదింతురు. చిక్కుడుకాయకు వంపు సహజము. ఆ వంపు గల కాయయే రథమగుచున్నది. జగచ్చక్షువైన స్వామి ఆ వంకర రథము నెక్కుటకు సందేహింపడు.

శ్రీకృష్ణదేవరాయలు (పాలనాకాలము 1509–1529) శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు ఆనతిచే రచించిన ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తులవారి అతిథిసేవ మనోహరముగ వర్ణింపబడినది. శ్రీవిల్లిపుత్తూరున ఆ మహనీయుడు ఏ ఋతువున ఆ ఋతువునకు తగిన వంటకములతో భాగవతులను తృప్తిపరచుచుండెను. జడివానలు పట్టి కట్టెలు తడిసిన దినములలో గృహిణి కొబ్బరిచిప్పలు దాచి వాని మంటపై వండి, ఎండనాళ్ళలో పెట్టిన వరుగులను, వడియములను వడ్డించుచుండెను. నడురేయి వచ్చిన అతిథులకు సయితము కూరలు ఎక్కువ లేవనియు, దయతో ఆరగింపవలెననియు ఆయన వినయముతో పలుకు మాటలు ఆ ఇంట వినవచ్చుచుండెనట. ఉన్న కూరను ప్రేమతో పెట్టుటయే ఆ ఇంటి ఐశ్వర్యము.

శ్రాద్ధభోజనమును గూర్చి పెద్దలు చెప్పుకొను కథయొకటి కలదు. విశ్వామిత్రుడు వసిష్ఠుని ఇంటి శ్రాద్ధమునకు వచ్చుటకు 1008 కూరలు కావలెనని కోరెను. ఆనాడు అరుంధతీదేవి విస్తరిలో కాకరకాయ కూర, నల్లేరు పచ్చడి, పనసకూర, వానితో మరి 8 కూరలు మాత్రమే వడ్డించినది. మహర్షి ఆక్షేపింపగా, శ్రాద్ధకాలమున కాకర నూరు కూరలకు, నల్లేరు మూడునూరులకు, పనస ఆరునూరులకు సమమని ఆమె శాస్త్రమును గుర్తుచేసినది. మొత్తము వేయి, మిగిలిన 8 విస్తరిలో నున్నవి. మహర్షి మారుమాట లేక భుజించెను. బుడిపెల కాకర, గంటుగంటుల నల్లేరు, ముండ్ల పనస, ఈ మూడింటి కంటె మొరటు రూపము గలవి కూరలలో అరుదు. పితృదేవతలకు వానిని మించిన ప్రీతికరములు లేవని సంప్రదాయము నిలిపినది. నల్లేరు కంచెలపై ఊరక ప్రాకు తీగ. దానికి ధర పెట్టువారు లేరు. అది వేయిలో మూడునూరుల పాలు పంచుకొనినది.

గృహస్థుడు చేయదగినది

వారమున కొకనాడైనను ఊరి సంతలో, ఊరి రైతువద్ద కూరలు కొనుట మంచిది. ఏరునప్పుడు చేయి కుళ్ళును వెదుకవలెను గాని వంకరను వెదుకరాదు. ఆగాకర, బుడమకాయ, పెండలము, అరటిపువ్వు, పొన్నగంటి, నల్లేరు మున్నగువానిని పిల్లలకు పేర్లతో చూపి రుచి చూపవలెను. కంద దురదయని విడువక, చింతపండు చేర్చి బాగుగ నుడికించుట నేర్పవలెను. కందబచ్చలి రుచి యెరిగిన నాలుక దానిని మరువదు. పెరడున్నవారు ఒక పాదైన పెట్టి, మొదటికాయను స్వామికి, ముదిరిన కాయను విత్తనమునకు విడువవలెను.

ఇందలి శిక్షణ వంటయింటితో ముగియదు. కాయను రూపముచే త్రోసివేయుట అలవాటైన చేయి మనుష్యులను గూడ అట్లే త్రోసివేయును. నల్లనిదని, పొట్టియని ఆడపిల్లను వెనుకకు పంపినవారును, నడకలో లోపము గల బాలుని వేడుకలలో ప్రక్కకు కూర్చుండబెట్టినవారును ఆ చేతినే చాచినవారు. వానిలో అంతర్యామియై యున్న స్వామికి వంకర లేదు. ప్రతి దేహమునందును ఆయనయే యున్నాడను విశిష్టాద్వైత సిద్ధాంతము ఆచరణలోనికి వచ్చుటకు గంపముందు కూర్చుండిన ఆ క్షణము చాలును.

1985లో ఆరంభమైన నిత్యాన్నదానము తిరుమలలో నేడు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేర వెలసిన భవనమున సాగుచున్నది. అచ్చట శ్రీవారి సేవకులు కూర్చుండి కూరగాయలు తరుగుచుందురు. ముక్కలు రాశిపోసిన పిదప ఏది తిన్ననికాయ ముక్కయో, ఏది వంకరకాయ ముక్కయో చెప్పగలవారెవరు? పంక్తిలో కూర్చుండిన యాత్రికుడు ధనికుడో, పేదయో చెప్పగలవారెవరు? అందరి విస్తరిలోను అదే గోవిందనామము, అదే ప్రసాదము.

గోదావరీతీరపు ఆ ఇంటను మరునాడు అదియే జరిగినది. తెల్లవారకమునుపే స్నానముచేసి కోడలు కత్తిపీట ముందు కూర్చుండినది. కొడవలివంటి బీరకాయ, నొక్కుకొనిపోయిన దోసకాయ, చుట్టలు చుట్టుకొనిన పొట్లకాయ ఒక్కొక్కటిగ ముక్కలైనవి. దప్పళము, కూర, పచ్చడి సిద్ధమైనవి. మామగారు తళిగ సమర్పించి, తెరతీసి, తీర్థప్రసాదములు పంచిరి. దప్పళమును మెచ్చుకొని ఈ కాయలెచ్చటివని వారడుగగా, కోడలు అత్తగారివైపు చూచి, "వరద మింగగా స్వామికై మిగిలినవండీ" అన్నది. వచ్చు శనివారము వృద్ధురాలు గంప దించినప్పుడు ఆ పిల్ల కాయలు ఏరలేదు. గంప క్రిందికి దించుటకు చేయి సాయమిచ్చి, "అవ్వా! విత్తనములు కొంటివా?" అని యడిగినది.

వంకరలను చూడక శరణాగతులను చేపట్టు ఆ శ్రీనివాసుని కరుణాకటాక్షము ప్రతి గృహమునందలి మడపల్లిపైనను, ఆ మడపల్లికి కూరలు పండించి పంపు ప్రతి రైతుకుటుంబముపైనను ఎల్లవేళల ప్రసరించుగాక!